419 అంటే ఏమిటి? ఈమెయిల్ మోసానికి ఒక సెక్షన్ నంబర్ పేరెలా అయింది?

క్లుప్తంగా: పెద్ద మొత్తం వస్తుందని ఆశ పెట్టి, ముందుగా ఫీజు గుంజే ఈమెయిల్ మోసాలకు ప్రపంచమంతటా ఉన్న పేరు ‘419’. అది నైజీరియా క్రిమినల్ కోడ్‌లో మోసానికి సంబంధించిన సెక్షన్ నంబర్. ఆ ఎత్తు మాత్రం నైజీరియాలో పుట్టింది కాదు. రెండు వందల ఏళ్ల కిందటే యూరప్‌లో ఉత్తరాల మీద నడిచింది. ఉత్తర తెలంగాణలో లంకెబిందెలు, రైస్ పుల్లింగ్, గల్ఫ్ వీసా పేర్లతో సాగే మోసాల్లోనూ అదే పద్ధతి కనిపిస్తుంది. పాస్‌వర్డు, ఓటీపీ లాంటివి రాబట్టి డబ్బు కాజేసే ‘ఫిషింగ్’ పుట్టుక వేరు, పని చేసే తీరూ వేరు. ఈ తేడా బ్యాంకులో డబ్బు వెనక్కి అడిగే రోజున చాలా పెద్దదవుతుంది.

సైబర్ మోసం వార్త లేకుండా వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ జిల్లా పేజీలు రావడం ఇప్పుడు అరుదు. ఆ వార్తల్లో ఫిషింగ్, 419, నైజీరియన్ ఫ్రాడ్, సైబర్ చీటింగ్ అనే మాటలు ఒకదాని చోట ఒకటి పడిపోతుంటాయి. చదివేవాళ్లకు అన్నీ ఒకటే అనిపిస్తాయి: ఎవరో మెయిల్ పంపారు, ఫోన్ చేశారు, డబ్బు పోయింది. ఫిర్యాదు రాసే చోట మాత్రం ఒక ప్రశ్న తప్పదు. డబ్బు మీకు తెలియకుండా పోయిందా, మీరే పంపారా? మొదటిది ఎక్కువగా ఫిషింగ్ దారి. రెండోది 419 దారి.

## తిట్టుగా మారిన సెక్షన్

డబ్బు తీసుకుని ఎగ్గొట్టేవాణ్ని తెలంగాణలో ‘ఫోర్ ట్వంటీగాడు’ అంటారు. పాత తరం నోట ‘చార్‌సౌబీస్’ అని కూడా వినిపిస్తుంది. ఇది 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 420వ సెక్షన్. మోసగించి ఆస్తిని చేజిక్కించుకోవడం ఆ సెక్షన్ కింద నేరం, ఏడేళ్ల వరకు జైలు. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక అదే నేరం 318వ సెక్షన్, నాలుగో ఉపసెక్షన్ కిందికి మారింది. సెక్షన్ మారినా ‘ఫోర్ ట్వంటీ’ మాత్రం జనం నోట్లో అలాగే ఉంది.

నైజీరియాలో జరిగిందీ సరిగ్గా ఇదే. అక్కడి క్రిమినల్ కోడ్ 38వ అధ్యాయం అబద్ధాలు చెప్పి ఆస్తి పొందడం గురించి. అందులో 419వ సెక్షన్ ప్రకారం, మోసపు ఉద్దేశంతో అబద్ధం చెప్పి ఇతరుల నుంచి ఏదైనా తీసుకుంటే మూడేళ్ల వరకు జైలు. దాని విలువ వెయ్యి నైరాలు (నైరా అక్కడి కరెన్సీ), అంతకు మించితే ఏడేళ్ల వరకు. రెండు చట్టాలూ బ్రిటిష్ పాలనలో వచ్చినవే, కానీ ఒకే మూలం నుంచి వచ్చినవి కావు. భారత శిక్షాస్మృతికి మెకాలే కమిషన్ ముసాయిదా ఆధారం. నైజీరియా కోడ్‌కు ఆధారం ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ కోసం శామ్యూల్ గ్రిఫిత్ రాసిన 1899 నాటి కోడ్. అది 1904లో ఉత్తర నైజీరియాకు, 1916లో దేశమంతటికీ వర్తించింది. 419, 420 పక్కపక్క నంబర్లు కావడం యాదృచ్ఛికమే.

నైజీరియాలోని పెద్ద నగరం లాగోస్ వీధుల్లో ‘ఫోర్ వన్ నైన్’ అంటే ఈమెయిల్ ఒక్కటే గుర్తు రాదు. అక్కడ ఎన్నో ఇళ్ల ప్రహరీ గోడల మీద పెద్ద అక్షరాలతో ఒక హెచ్చరిక కనిపిస్తుంది: ఈ ఇల్లు అమ్మకానికి లేదు, 419తో జాగ్రత్త. యజమాని ఊళ్లో లేని సమయం చూసి, తామే యజమానులమని చెప్పి, ఇల్లు చూపించి అడ్వాన్స్ తీసుకుని మాయమయ్యే ముఠాల వల్ల గోడల మీదికి ఆ రాత వచ్చింది. ఒకే ప్లాటును ఇద్దరు ముగ్గురికి రిజిస్టర్ చేసిన కథలు విన్న హనుమకొండ, కరీంనగర్ శివార్ల వాళ్లకు ఈ రాత అర్థం కావడానికి వివరణ అక్కర్లేదు. అంటే నైజీరియా సామాన్యుడికి 419 అనేది మొదట తన మీదే జరిగే మోసం. విదేశీయులకు పంపే ఉత్తరాలు, ఈమెయిళ్లు అందులో ఒక శాఖ మాత్రమే. ప్రపంచానికి తెలిసింది ఆ శాఖ కాబట్టి పేరు దానికి అంటుకుంది.

ఆ దేశంలో ఇప్పుడు ఇలాంటి కేసులు ఎక్కువగా నడిచేది 419 కింద కాదు. 2006లో వచ్చిన ముందస్తు ఫీజు మోసాల చట్టం కింద. దాని ప్రకారం కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్ల జైలు. జరిమానా కట్టి బయటపడే వీలు లేదు. 2003లో ఏర్పడిన ఆర్థిక నేరాల కమిషన్ ఈ కేసులను దర్యాప్తు చేస్తుంది.

## ఈమెయిల్ కన్నా చాలా పాత ఉత్తరం

ఫ్రాన్స్‌లో దొంగతనాలు మానేసి పోలీసు శాఖలో చేరిన యూజీన్ ఫ్రాన్స్వా విదోక్, 19వ శతాబ్దం తొలి భాగంలో ఒక జైలు వ్యాపారం గురించి రాశాడు. ఖైదీలు ఊళ్లలోని ధనవంతుల పేర్లు సంపాదించి ఉత్తరాలు రాసేవారు. ఫ్రెంచి విప్లవ కాలంలో ప్రాణభయంతో పారిపోతున్న ఒక ప్రభువు సేవకుణ్నని, యజమాని నగల పెట్టెను మీ ఊరి పక్కనే దాచామని, దాన్ని తీసుకోవడానికి ప్రస్తుతం కొద్దిగా డబ్బు అవసరమని ఆ ఉత్తరం చెప్పేది. వీటిని ‘జెరూసలేం ఉత్తరాలు’ అనేవారు. నూరు ఉత్తరాలు పంపితే ఇరవైకి జవాబు వచ్చేదని విదోక్ లెక్క.

అదే కథ తర్వాత ‘స్పానిష్ ఖైదీ’ పేరుతో ఇంగ్లండ్‌కు, అమెరికాకు చేరింది. స్పెయిన్ జైల్లో ఒక గొప్పింటి మనిషి మగ్గుతున్నాడు, అతని డబ్బు ఫలానా చోట ఉంది, అధికారికి లంచం ఇస్తే బయటికొస్తాడు, సాయం చేసినవారికి వాటా. కొన్ని ఉత్తరాల్లో అతని కూతురి పెళ్లి ప్రస్తావన కూడా ఉండేది. 1898 నాటికే న్యూయార్క్ టైమ్స్ దీన్ని పోలీసులకు బాగా తెలిసిన పాత మోసాల్లో ఒకటిగా రాసింది.

ఖైదీని తీసేసి చనిపోయిన సైనిక పాలకుడి భార్యను పెట్టండి. నగల పెట్టె బదులు స్విస్ బ్యాంకు ఖాతా పెట్టండి. 1990ల 419 ఉత్తరం తయారవుతుంది.

## నైజీరియాకే ఆ పేరెందుకు అంటుకుంది?

1970లలో చమురు ధరలు పెరిగి నైజీరియాకు డాలర్లు వెల్లువెత్తాయి. 1980ల మధ్యలో ధరలు కుప్పకూలాయి. 1986లో ప్రభుత్వం ఆర్థిక సంస్కరణలకు దిగింది, నైరా విలువ పడిపోయింది. యూనివర్సిటీలో డిగ్రీ తీసుకుని, చక్కటి ఇంగ్లిష్ రాయగలిగి, ఉద్యోగం లేని యువకులు నగరాల్లో పెరిగారు. మొదట పోస్టులో ఉత్తరాలు, ఆ తర్వాత టెలెక్స్, ఫ్యాక్స్. విదేశీ వ్యాపారుల చిరునామాలు డైరెక్టరీల్లో దొరికేవి.

ఆ ఉత్తరాల్లో చెప్పిన కథ నమ్మదగినట్టు ఉండటం అన్నిటికన్నా ముఖ్యమైన కారణం. సైనిక పాలనలో ప్రభుత్వ కాంట్రాక్టుల మొత్తాలు పెంచి రాసి, ఆ తేడాను విదేశాలకు తరలించిన మాట నిజం. 1998 జూన్‌లో సైనిక పాలకుడు సానీ అబాచా చనిపోయాక, ఆయన కుటుంబం పేరిట విదేశీ బ్యాంకుల్లో ఉన్న కోట్ల డాలర్లను స్విట్జర్లాండ్ సహా పలు దేశాలు నైజీరియాకు తిరిగి ఇచ్చాయి. ఈ వార్తలు పత్రికల్లో వస్తున్న రోజుల్లోనే ‘నేను అబాచా భార్యను, డబ్బు బయటికి తేవాలి’ అంటూ లక్షల ఈమెయిళ్లు వెళ్లాయి. చదివేవాడికి కథలో సగం నిజమని ముందే తెలుసు. మిగతా సగాన్ని నమ్మడానికి అదే పునాది.

1996 తర్వాత ఉచిత ఈమెయిల్ సేవలు రావడంతో స్టాంపు ఖర్చు, ఫ్యాక్స్ బిల్లు లేకుండా పోయాయి. సైబర్ కేఫ్‌లో గంటకు ఇంత చెల్లించి వేలమందికి రాయవచ్చు. ఎక్కువ మంది యాహూ మెయిల్ వాడటంతో లాగోస్‌లో వీళ్లకు ‘యాహూ బాయ్స్’ అన్న పేరొచ్చింది. వలలో పడినవాణ్ని వాళ్ల భాషలో ‘ముగు’ అంటారు. అంటే వెర్రివాడు.

చదువూ సంధ్యా లేనివాళ్లే ఇందులో పడతారనుకుంటే పొరపాటు. 1995 నుంచి 1998 మధ్య బ్రెజిల్‌లోని బాంకో నొరొయెస్తె అనే బ్యాంకు అంతర్జాతీయ విభాగం అధికారి, నైజీరియా రాజధాని అబుజాలో కొత్త విమానాశ్రయం కట్టే కాంట్రాక్టులో కమీషన్ వస్తుందని నమ్మి బ్యాంకు డబ్బు పంపుతూ పోయాడు. అలాంటి విమానాశ్రయ ప్రాజెక్టే లేదు. నైజీరియా సెంట్రల్ బ్యాంకు గవర్నర్‌గా నటించింది ఇమ్మాన్యుయెల్ న్వూడే. నష్టం సుమారు 24.2 కోట్ల డాలర్లు. మరో బ్యాంకు దాన్ని కొనడానికి వచ్చి లెక్కలు తీసే దాకా విషయం బయటపడలేదు. న్వూడేకు 2005లో 25 ఏళ్ల జైలు శిక్ష పడింది.

## ఫీజు మీద ఫీజు

మెయిల్ ఎవరి పేరుతో వచ్చినా నడక ఒకటే. మొదటి మెయిల్ డబ్బు అడగదు. ఊరికే ఆశ చూపిస్తుంది: లాటరీ తగిలింది, దూరపు చుట్టం ఆస్తి మిగిలింది, లండన్ నుంచి గిఫ్టు పార్సిల్ బయలుదేరింది, ఇంటర్వ్యూ లేకుండానే ఉద్యోగానికి ఎంపికయ్యారు. జవాబిస్తే రెండో మెయిల్‌లో పత్రాలు వస్తాయి. మూడు రంగుల ముద్రలు, సంతకాలు, ఫైలు నంబరు, కొన్నిసార్లు రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ పేరు.

ఆ తర్వాత మొదలవుతుంది ఫీజు. అది ఎప్పుడూ వస్తుందన్న మొత్తంతో పోలిస్తే చాలా చిన్నది. 50 లక్షలు వస్తాయంటే ఆరున్నర వేల ప్రాసెసింగ్ ఛార్జి ఒక లెక్కా అనిపిస్తుంది. అది కట్టగానే కొత్త అడ్డంకి ఒకటి పుట్టుకొస్తుంది: కస్టమ్స్, ఆదాయ పన్ను క్లియరెన్స్, మనీ లాండరింగ్ నిరోధక సర్టిఫికెట్, కరెన్సీ మార్పిడి ఛార్జి. ప్రతిసారీ ‘ఇదొక్కటే చివరిది’. ఇక్కడ ఆశ కన్నా ఎక్కువగా పనిచేసేది అప్పటికే కట్టిన డబ్బు. ఆరున్నర వేలతో మొదలైనవాడు రెండు లక్షలు కట్టాక, ఇప్పుడు ఆపితే ఆ రెండు లక్షలూ పోతాయన్న టెన్షన్‌తో మూడో లక్ష తెస్తాడు. నిండా మునిగినవాడికి చలేమిటి అన్న స్థితి. బంగారం తాకట్టు, చిట్టీ పాట, ఐదు రూపాయల వడ్డీ అప్పు ఈ దశలోనే వస్తాయి.

వీటికి తోడు రెండు షరతులు ఉంటాయి. ఒకటి తొందర: సాయంత్రం లోపు కట్టకపోతే ఫైలు రద్దు. రెండు గోప్యత: ఎవరికీ చెప్పొద్దు, చెబితే పని చెడుతుంది. చెబితే ఇంట్లోవాళ్లో, బ్యాంకు క్యాషియరో ఆపుతారని వాళ్లకు తెలుసు. పైగా పాత 419 కథల్లో డబ్బే అక్రమమైనది. అందులో వాటాకు ఒప్పుకున్నవాడు పోలీసుల దగ్గరికి వెళ్లడానికి జంకుతాడు. బాధితుణ్ని ముందే సగం దోషిని చేసి నోరు కట్టేయడం ఈ పథకంలో అత్యంత క్రూరమైన భాగం.

విదేశీ లాటరీ కథలో భారతీయులకు తెలియాల్సిన చిన్న విషయం ఒకటుంది. విదేశీ మారక నిబంధనల ప్రకారం లాటరీల్లో పాల్గొనడానికి మన దేశం నుంచి డబ్బు పంపడమే నిషిద్ధం. అందుకే ‘లండన్ లాటరీ’ ఫీజును బిహార్‌లోనో, ఢిల్లీలోనో ఉన్న సేవింగ్స్ ఖాతాలో వేయమంటారు. వ్యక్తుల పేరిట తన దగ్గర ఖాతాలు ఉండవని, ఎవరికీ అలాంటి మెయిళ్లు పంపనని రిజర్వ్ బ్యాంక్ ఏళ్లుగా చెబుతూనే ఉంది.

## అంత నమ్మశక్యం కాని కథ ఎందుకు రాస్తారు?

మోసం చేసేవాడు కాస్త నమ్మదగిన కథ రాయొచ్చు కదా, నైజీరియా అని చెప్పుకోవడం ఎందుకు అన్న ప్రశ్నకు మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మాక్ హెర్లీ 2012లో ఒక జవాబు ఇచ్చాడు. మెయిల్ పంపడానికి ఖర్చు దాదాపు లేదు. జవాబిచ్చినవాళ్లతో రోజుల తరబడి మాట్లాడి నమ్మించడానికే అసలు శ్రమ. కథ నమ్మేలా ఉంటే వందమంది జవాబిస్తారు, డబ్బు కట్టే దగ్గర తొంభై ఐదు మంది అనుమానించి తప్పుకుంటారు. ఆ తొంభై ఐదు మంది మీద పెట్టిన శ్రమ బూడిదలో పోసిన పన్నీరే. కథ విడ్డూరంగా ఉంటే అనుమానించేవాళ్లు మొదటి వాక్యానికే మెయిల్ తీసేస్తారు, చివరిదాకా వచ్చే కొద్దిమందే మిగులుతారు. ఆ విడ్డూరం వాళ్లకు జల్లెడగా పనికొస్తుంది. (పైన చెప్పిన అంకెలు లెక్క అర్థం కావడానికి వేసినవే.)

దీన్నిబట్టి ఒక సంగతి ఊహించవచ్చు. మనుషులు చేసే సంభాషణను కృత్రిమ మేధ చాట్‌బాట్లు చేయడం మొదలయ్యాక జవాబుల మీద పెట్టే శ్రమ ఖర్చు పడిపోతుంది. అప్పుడు జల్లెడ అవసరం తగ్గుతుంది. తప్పుల్లేని తెలుగులో, నమ్మదగిన కథలతో మెయిళ్లు, మెసేజ్‌లు రావడానికి దారి తెరుచుకుంటుంది. ‘భాష తప్పులుంటే మోసం’ అన్న పాత గుర్తు మీద ఆధారపడటం ఇక ప్రమాదమే.

## లంకెబిందెల నుంచి వీసా దాకా

కాకతీయుల కాలపు గుళ్లు, కోటల చుట్టూ గుప్తనిధుల కథలు ఓరుగల్లు ప్రాంతంలో తరతరాలుగా ఉన్నాయి. వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు పాత గుళ్ల దగ్గర రాత్రిపూట తవ్వకాల వార్తలు ఇప్పటికీ వస్తుంటాయి. ఆ నమ్మకం మీద నడిచే మోసం ఇలా ఉంటుంది: మీ ఇంటి కింద లంకెబిందెలు ఉన్నాయి, పైకి తీయాలంటే పూజ చేయాలి, పూజకు ఇంత. పూజ అయ్యాక కాపలా ఉన్న శక్తి శాంతించలేదు, ఇంకో పూజ కావాలి. బయటివాళ్లకు చెబితే బిందెలు బొగ్గులైపోతాయి. పెద్ద మొత్తం, చిన్న ఫీజు, కొత్త అడ్డంకి, గోప్యత. 419 మెయిల్‌లోని భాగాలన్నీ ఇందులో ఉన్నాయి, ఇంటర్నెట్ ఒక్కటే లేదు.

రైస్ పుల్లింగ్ దీనికి సైన్సు ముసుగు తొడిగింది. పాత రాగి చెంబు బియ్యపు గింజల్ని లాగుతుందని, అందులో ఇరిడియం ఉందని, విదేశీ సంస్థ కోట్లకు కొంటుందని చెబుతారు. చెంబులో అయస్కాంతం, గింజలకు ఇనుప రజను ఉంటే ఏ చెంబైనా లాగుతుంది. కొనే ముందు ‘సైంటిస్టు’ వచ్చి పరీక్షించాలి. అతని విమానం టికెట్టు, రేడియేషన్ తగలకుండా వేసుకునే డ్రెస్సు, ల్యాబ్ ఫీజు, అన్నీ అమ్మేవాడే భరించాలి.

ఉత్తర తెలంగాణలో చాలామంది నష్టపోయేది గల్ఫ్ ఆశ మీద. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్, ఆర్మూర్ పల్లెల్లో దుబాయి, సౌదీ, ఖతర్ వెళ్లినవాళ్లు లేని వాడ దొరకడం కష్టం. అబాచా సొమ్ము నిజమైనట్టే ఈ కథకూ నిజమైన పునాది ఉంది: పక్కింటాయన నిజంగానే వెళ్లాడు, ఇల్లు కట్టాడు. ఆ నిజాన్ని చూపించి ఏజెంటు అడ్వాన్స్ తీసుకుంటాడు. తర్వాత మెడికల్, స్టాంపింగ్, టికెట్ అంటూ వాయిదాలు. చివరికి చేతిలో పడేది విజిట్ వీసా, లేదంటే ఏమీ లేదు. వలస చట్టం 1983 ప్రకారం లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంటు మాత్రమే మనుషుల్ని పంపాలి. తీసుకోగల సేవా రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షన్నర, రెండు లక్షలు అడిగిన ఏజెంటు అక్కడే చట్టం దాటినట్టు. ఏజెంటు రిజిస్ట్రేషన్ ఉందో లేదో విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్లో చూడవచ్చు.

చదువుకున్న పిల్లలకు వచ్చే రూపం ఆఫర్ లెటర్. ‘రీఫండబుల్ సెక్యూరిటీ డిపాజిట్’ కట్టమనే ఉద్యోగ మెయిళ్లు, హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో బ్యాక్‌డోర్ జాబ్ పేరిట లక్షలు తీసుకునే కన్సల్టెన్సీలు ఈ కోవలోవే. ఇంకా ఘోరమైన మలుపు కంబోడియా, మయన్మార్‌లది. డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్లి పాస్‌పోర్టు లాక్కుని, మోసపు మెసేజ్‌లు పంపే పనిలో బంధిస్తున్నారు. 2025 మార్చిలో వైమానిక దళ విమానాల్లో మయన్మార్ సరిహద్దు నుంచి ఐదు వందల మందికి పైగా భారతీయులను వెనక్కి తెచ్చారు. వాళ్లలో తెలంగాణ వాళ్లూ ఉన్నారు. ఈమెయిల్ అందుకునేవాడు, పంపేవాడు ఇద్దరూ బాధితులయ్యే స్థితి ఇది.

ఈ కోణంలో చూస్తే ‘నైజీరియన్ ఫ్రాడ్’ అన్న పేరు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. మోసమంటే విదేశీ మెయిల్, వంకర ఇంగ్లిష్ అనే బొమ్మ మనసులో పడిపోతే, మన యాసలో మాట్లాడే ఏజెంటు, జార్ఖండ్‌లోని జామ్‌తారా నుంచి వచ్చే ఫోన్ ఆ బొమ్మలో ఇమడవు. జామ్‌తారా పేరూ ఇప్పుడు అలాగే నేరానికి మారుపేరైపోయింది. అక్కడ బతికే మామూలు జనానికి అది తీరని అవమానం. పేర్ల ప్రభావాన్ని ఇంటర్‌పోల్ కూడా గుర్తించింది. ప్రేమ నటించి పెట్టుబడి పెట్టించే మోసాన్ని ‘పంది కోత’ అనడం ఆపాలని, ఆ మాట బాధితులను సిగ్గుపడేలా చేసి ఫిర్యాదు చేయనివ్వడం లేదని 2024 డిసెంబర్‌లో కోరింది.

## ఫిషింగ్ పుట్టింది మరో చోట

ఫిషింగ్ అనే మాట 1990ల మధ్యలో అమెరికా ఆన్‌లైన్ అనే ఇంటర్నెట్ సంస్థ చుట్టూ పుట్టింది. ఎక్కువగా కుర్రాళ్లు, కంపెనీ సిబ్బందిలా నటిస్తూ సభ్యులకు మెసేజ్ పంపి పాస్‌వర్డులు, క్రెడిట్ కార్డు నంబర్లు రాబట్టేవారు. గాలం వేసి చేపలు పట్టడం అన్న అర్థం. స్పెల్లింగ్‌లో మొదట ‘ఎఫ్’ బదులు ఉండే ‘పీహెచ్’ మాత్రం, అంతకుముందు టెలిఫోన్ వ్యవస్థను బోల్తా కొట్టించి ఉచితంగా కాల్స్ చేసుకున్న ‘ఫ్రీకింగ్’ బృందాల మాట నుంచి వచ్చింది. ఫోన్ కాల్ అయితే విషింగ్, ఎస్సెమ్మెస్ అయితే స్మిషింగ్ అన్న పిల్లపేర్లు తర్వాత చేరాయి.

ఫిషింగ్‌కు కావాల్సింది మీ నమ్మకం కాదు, మీ తాళంచెవి. బ్యాంకు పేజీలా కనిపించే పేజీలో పాస్‌వర్డు కొట్టించుకుంటారు, ఓటీపీ చెప్పించుకుంటారు, పీఎం కిసాన్ అనో పెళ్లి శుభలేఖ అనో ఏపీకే ఫైలు (యాప్‌ను దింపే ఫైలు) ఫోన్‌లో పెట్టిస్తారు. ఆ తర్వాత డబ్బు తీసుకునేది వాళ్లే. 419లో చివరిదాకా బాధితుడే తన చేత్తో పంపుతాడు.

ఈ రెంటికీ మధ్య, వ్యాపారులను దెబ్బతీసే మూడో రకం ఉంది. కరీంనగర్ గ్రానైట్ ఎగుమతిదారుల వంటి, విదేశీ లావాదేవీలు ఈమెయిల్ మీదే నడిపే సంస్థలు దీనికి లక్ష్యం. మొదట ఫిషింగ్‌తో ఎవరో ఒకరి మెయిల్ తెరుస్తారు. వెంటనే ఏమీ చేయరు. బేరసారాలన్నీ చదువుతూ కూర్చుంటారు. ఇన్వాయిస్ వెళ్లే రోజున, సరిగ్గా అదే వరసలో కొత్త మెయిల్ వస్తుంది: మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి చెల్లింపు ఇందులో వేయండి. చిరునామాలో ‘ఎం’ అక్షరం ఉండాల్సిన చోట ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన ఉంటాయి. చిన్న అక్షరాల్లో, ఫోన్ తెర మీద అది ఎంలాగే కనిపిస్తుంది. సరుకు ఓడెక్కిపోతుంది, డబ్బు వేరే దేశంలోని ఖాతాలో పడుతుంది. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి 2023లో ఈ ఒక్క రకం మీద అందిన ఫిర్యాదుల్లో నష్టం సుమారు 290 కోట్ల డాలర్లు. దీనికి విరుగుడు ఖరీదైన సాఫ్ట్‌వేర్ కాదు. ఖాతా మార్పు చెప్పిన ప్రతిసారీ, మెయిల్‌లో ఉన్న నంబరుకు కాకుండా పాత నంబరుకు ఫోన్ చేసి అడగడం.

పంపినవారి పేరు చూసి ఎందుకు నమ్మకూడదు? ఈమెయిల్ పంపే ప్రాథమిక పద్ధతి 1982 నాటిది. కొద్దిపాటి సంస్థలు పరస్పరం తెలిసిన కాలంలో తయారైంది. పోస్టు కవరు మీద ‘ఫ్రమ్’ దగ్గర ఎవరి పేరైనా రాసుకోవచ్చు, పోస్ట్‌మ్యాన్ అడగడు. ఈమెయిల్ కూడా అంతే. పంపిన సర్వర్ అసలుదేనా అని పరీక్షించే ఏర్పాట్లు తర్వాత చేరాయి కానీ అన్ని సంస్థలూ వాటిని సరిగా పెట్టుకోలేదు. మన దేశంలో బ్యాంకుల వెబ్ చిరునామాలన్నీ ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’తో ముగిసేలా 2025 అక్టోబర్ 31 లోపు మార్చుకోవాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది. ఆ ముగింపు బ్యాంకులకు తప్ప ఇతరులకు ఇవ్వరు. బ్యాంకు పేరు మధ్యలో ఎక్కడో ఉండి, చివర ఇంకేదో ఉన్న లింకును అనుమానించడానికి ఇప్పుడు గట్టి ఆధారం దొరికింది.

## ఫిర్యాదు దగ్గర తేడా

రిజర్వ్ బ్యాంక్ 2017 జులై 6 నాటి ఆదేశాల ప్రకారం, బ్యాంకు తప్పో ఖాతాదారు తప్పో కాకుండా మరోచోట లోపం వల్ల అనుమతి లేని లావాదేవీ జరిగితే, మూడు పనిదినాల్లో చెప్పిన ఖాతాదారుకు నష్టం ఉండదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే నష్టానికి పరిమితి ఉంటుంది. ఖాతాదారే ఓటీపీ చెప్పడం లాంటి నిర్లక్ష్యం ఉంటే, బ్యాంకుకు చెప్పే వరకు పోయింది ఖాతాదారుదే, చెప్పాక పోతే బ్యాంకుది. గమనించాల్సింది ‘అనుమతి లేని’ అన్న మాట. 419లో డబ్బు పంపింది ఖాతాదారే కాబట్టి, ఎంత మోసపోయినా ఈ రక్షణ వర్తింపజేయడం కష్టం. ఫిషింగ్ బాధితుడికి బ్యాంకు మీద వాదించడానికి ఉన్న చోటు 419 బాధితుడికి ఉండదు.

అతనికి మిగిలింది వేగం. జాతీయ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసినా, కేంద్ర సైబర్ క్రైమ్ పోర్టల్లో నమోదు చేసినా, డబ్బు చేరిన ఖాతా బ్యాంకుకు సమాచారం వెళ్తుంది. అప్పటికి ఆ ఖాతాల్లో మిగిలిన మేరకు హోల్డ్ చేస్తారు. నిమిషాల్లో పది ఖాతాలు మారే డబ్బును గంటల తర్వాత వెతికితే దొరికేది తక్కువ. కాల్‌లో ట్రాన్సాక్షన్ నంబరు, సమయం, మొత్తం చెప్పగలగాలి కాబట్టి మెసేజ్‌లు, మెయిళ్లు కోపంతో తుడిచేయకూడదు. 2024లో సైబర్ మోసాల్లో దేశ ప్రజలు పోగొట్టుకున్నది 22,845 కోట్ల రూపాయలని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. అంతకుముందు ఏడాది అది 7,465 కోట్లు.

డబ్బు మొదట పడే ఖాతాలు చాలావరకు అద్దెవి. నెలకు ఐదు వేలో పది వేలో ఇస్తామంటే పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ ఇచ్చేసిన డిగ్రీ విద్యార్థులు, కూలీల పేరిట ఉన్నవి. వీటినే మ్యూల్ ఖాతాలంటారు. మోసం ఎవరు చేశారో తెలియకపోయినా, పోలీసులు మొదట తట్టేది ఆ ఖాతా యజమాని తలుపే. అతనూ కేసులో నిందితుడే. మోసానికి న్యాయ సంహిత 318తో పాటు, కంప్యూటర్ ద్వారా మరొకరిలా నటించి మోసగించడానికి ఐటీ చట్టం 66డి సెక్షన్ కూడా పెడతారు. దాని కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా.

హోల్డ్ అయిన డబ్బు బాధితుడి ఖాతాకు తిరిగి రావడానికి సాధారణంగా కోర్టు ఉత్తర్వు కావాలి. తెలంగాణలో 2024 నుంచి సైబర్ సెక్యూరిటీ బ్యూరో, న్యాయ సేవాధికార సంస్థ కలిసి ఈ పనిని లోక్ అదాలత్‌ల ద్వారా వేగంగా చేయిస్తున్నాయి. ఇదే దశలో రెండో ముఠా రంగంలోకి దిగుతుంది. పోయిన డబ్బు రికవర్ చేసి పెడతామని, తాము సైబర్ పోలీసులమనో లాయర్లమనో చెబుతూ ప్రాసెసింగ్ ఫీజు అడుగుతుంది. బాధితుల జాబితాలు ఒక ముఠా నుంచి మరో ముఠాకు అమ్ముడుపోవడం దీనికి ఒక కారణం. లోక్ అదాలత్‌లో డబ్బు విడుదలకు బాధితుడు ఎవరికీ ఫీజు కట్టనక్కర్లేదు. అలాంటి కాల్ వస్తే ఆ నంబరును, అడిగిన ఖాతా వివరాలను పాత ఫిర్యాదు నంబరుకే జత చేయించాలి.